అద్దం చూసి నేర్చుకున్న కళ్ళు

అవనిగడ్డ బస్టాండు ఎదురు సందులో ముప్పై ఏళ్ళ పైన ఫోటో స్టూడియో నడిపాను. పెళ్ళిళ్ళు తీశాను, హాల్‌టికెట్టు ఫోటోలు తీశాను, పురుళ్ళూ బారసాలలూ తీశాను. కానీ దివిసీమలో నా పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది ఇంకో పని. పోయినవాళ్ళకి కళ్ళు తెరిపించేవాణ్ణి నేను. రాజారత్నం కెమెరా సంచీ తగిలించుకుని మోపెడ్ మీద వెళ్తున్నాడంటే ఎవరింట్లో అని అడిగేవాళ్ళే తప్ప, పెళ్ళి ఎక్కడ అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

ఆ పని సంగతి ఇప్పటి పిల్లలకి తెలియదు కాబట్టి చెప్తాను. మా వైపు పెద్దవాళ్ళు చాలామంది బతికుండగా ఫోటో దిగేవాళ్ళు కాదు. దిగితే ఆయుష్షు తగ్గుతుందని భయం. ధైర్యం చేసి దిగిన కొద్దిమందివీ డెబ్బై ఏడు ఉప్పెనలో ఇంటి సామానుతో పాటే కొట్టుకుపోయాయి. తీరా మనిషి పోయాక గోడకి పెట్టి దండ వెయ్యడానికి ఒక ఫోటో కావాలి. అప్పుడు నాకు కబురొచ్చేది. స్నానం చేయించి, బొట్టు పెట్టి, గోడకి ఆనించి కూర్చోబెడితే నేను ఒకటో రెండో తీసుకునేవాణ్ణి. స్టూడియోకి వచ్చి పెద్ద సైజులో వేసి, మూసిన రెప్పల మీద సన్న బ్రష్షుతో నల్ల ఇంకు పెట్టి కళ్ళు గీసేవాణ్ణి. ఆఖరున బ్లేడు మొనతో కనుపాప మీద గీకి ఒక తెల్ల చుక్క పెడితే ఆ మనిషి లేచి కూర్చున్నట్టుండేది. ఇంట్లోవాళ్ళు చూసి ఏడ్చేవాళ్ళు. వాళ్ళు ఏడిస్తే నా పని కుదిరిందని నా నమ్మకం.

తొంభై ఎనిమిది ఆగస్టులో ఒకావిడ ఏడవకుండా అలాంటి ఫోటో ఒకటి తిరిగి తెచ్చింది.

ఆవిడ పేరు సీతామహాలక్ష్మి. కోడూరులో పిల్లలకి పాఠాలు చెప్పే టీచరు. ఆవిడ తల్లి పోయి నెల దాటింది. నేను తీసి, కళ్ళు దిద్ది, ఫ్రేము కట్టించి ఇచ్చిన ఫోటోని న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"అద్దం పగిలిందాండీ?" అన్నాను.

"లేదండీ. ఫోటో బాగుంది. కానీ ఇది మా అమ్మ కాదు."

నాకు చుర్రుమంది. "మీ అమ్మగారు కాకపోతే ఎవరండీ? మీ ఇంట్లోనే కదా తీశాను."

"ముక్కు అమ్మదే. బొట్టు అమ్మదే. కళ్ళు మాత్రం మా వెనకింటి సూరయ్య గారివి," అందామె నెమ్మదిగా. "ఆయన ఫోటో కూడా మీరే చేశారు కదండీ, మూడేళ్ళ కిందట. మొన్న వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చూశాను. ఇంటికొచ్చి అమ్మని చూశాను. ఒకే కళ్ళు."

పిల్లల నోట్‌బుక్ దిద్దినట్టు చెప్పి, ఫ్రేము అక్కడే వదిలి, బస్సు టైమవుతోందని వెళ్ళిపోయింది. నా పనిలో తప్పు పట్టినవాళ్ళు అంతవరకూ లేరు. మధ్యాహ్నం కొట్టు మూసి, తేల్చుకోవాలని మోపెడ్ వేసుకుని కోడూరు వెళ్ళాను. సూరయ్య గారి ఇంట్లో మంచినీళ్ళు అడిగి గోడ వంక చూశాను. అక్కడి నుంచి నేను ఫోటో చేసి ఇచ్చిన ఇంకో ఇంటికి వెళ్ళాను, దారిలో మరో రెండు ఇళ్ళకి వెళ్ళాను. ఒక చోట ముసలాయన, ఒక చోట నడివయసు ఆడమనిషి, ఒక చోట పాతికేళ్ళ కుర్రాడు. అందరూ ఒకే కళ్ళతో నన్ను చూశారు. నాలుగో ఇంట్లో ఇచ్చిన కాఫీ తాగలేకపోయాను.

స్టూడియోకి తిరిగొచ్చి సీతామహాలక్ష్మి గారి అమ్మ ఫోటో తీసి లోపల పెడదామని నడుస్తున్నాను. కస్టమర్లు తల దువ్వుకోవడానికి గోడకి ఒక పెద్ద అద్దం ఉండేది, దాని పక్కన దారం కట్టిన దువ్వెన, పౌడరు డబ్బా. ఆ అద్దంలో ఫ్రేమూ నా మొహమూ పక్కపక్కన కనిపించాయి. ఆగిపోయాను. నాలుగు కళ్ళూ ఒకటే. కుడి రెప్ప చివర కాస్త కిందకి వాలడంతో సహా.

అప్పుడు గుర్తొచ్చింది. పంతొమ్మిదేళ్ళప్పుడు బందరులో జకరయ్య గారి దగ్గర పని నేర్చుకున్నాను. కళ్ళు గీయడం నేర్పిన రోజున ఆయన అన్నారు, "ముందు అద్దం పెట్టుకుని నీ కళ్ళు చూసి గియ్యి. చెయ్యి తిరిగాక మనిషిని బట్టి మార్చు" అని. నేను మొదటి ముక్క గట్టిగా పట్టుకున్నాను. రెండో ముక్క ఆ రోజే మర్చిపోయాను. దివిసీమలో గోడలకెక్కిన వాళ్ళందరికీ, ఆడా మగా అని లేకుండా, నా కళ్ళు పెట్టాను.

ఇంటికెళ్ళి మా ఆవిడ కనకరత్నంతో చెప్తే ఆవిడ పొయ్యి దగ్గర నుంచి తల కూడా తిప్పలేదు. "అందుకేనేమోనండీ, ఎవరింటికి పరామర్శకి వెళ్ళినా గోడ మీంచి నన్నెవరో పని చెప్పడానికి పిలుస్తున్నట్టుంటుంది," అంది. నాకు నవ్వు రాలేదు. సిగ్గేసింది.

ఆ ఆదివారం కోడూరు వెళ్ళి సీతామహాలక్ష్మి గారికి ఉన్న మాట చెప్పేశాను. ఆవిడ అమ్మగారి అసలు కళ్ళు నాకు తెలియవని, నేను చూసేసరికే మూసి ఉన్నాయని, చూసి గీయడానికి పాత ఫోటో ఒక్కటైనా కావాలని అన్నాను. పాత ఫోటోలన్నీ ఉప్పెనకి పోయాయి. ఓటరు కార్డు మీద ఉన్నది మనిషో మసిబొగ్గో తెలియడం లేదు. ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"అమ్మ సంగతి ఇంక పోనీండి," అంది. "నాన్నగారున్నారు. డెబ్బై ఎనిమిదేళ్ళు. గుండె బాగాలేదు, జాగ్రత్తగా ఉండమని బందరు డాక్టరు గారన్నారు. ఆయన్నైనా ఆయన కళ్ళతోనే గోడ మీద పెట్టుకోవాలండీ. ఉండగానే తియ్యండి. కానీ ఆయన ఒప్పుకోరు."

ఒప్పుకోకపోవడం అంటే ఏమిటో లోపలికి వెళ్ళగానే తెలిసింది. ఆవిడ తండ్రి రాధాకృష్ణమూర్తి గారు రిటైరైన మాస్టారు. వెనక వసారాలో నులకమంచం మీద కూర్చుని భూతద్దంతో పేపరు చదువుతున్నారు. నా సంచీ చూసి భూతద్దం కిందకి దించారు.

"ఇంకా ఉన్నానయ్యా రాజారత్నం. తొందరపడి వచ్చావు."

ఈ ఎగతాళికి నేను అలవాటుపడినవాణ్ణే. ఒక్క ఫోటో మాస్టారూ, బయట వెలుగులో నిమిషం పని అని బతిమాలాను. కూతురు కూడా బతిమాలింది. చివరికి ఆవిడ మొహం చూసి లేచారు. నేను నాకు తెలిసిన పద్ధతిలో తీశాను. ముంగిట్లో కుర్చీ వేశాను. సూర్యుడు తీసేవాడి వీపు వెనక ఉండాలని మా కాలపు మొదటి పాఠం, కాబట్టి ఆయన్ని పదకొండింటి ఎండకి ఎదురుగా కూర్చోబెట్టాను. గడ్డం పైకెత్తండి, ఊపిరి బిగపట్టండి, కదలకండి అన్నాను. రెండు తీశాను.

కడిగి చూసుకుంటే నాకే తల తిరిగింది. ఎండకి కళ్ళు చిట్లించారు, కనుబొమల నీడ పడి కళ్ళుండాల్సిన చోట రెండు గుంటలు. మోకాళ్ళ మీద పిడికిళ్ళు. నేను నిలబడి తీశాను కాబట్టి ఆయన పొట్టిగా అయిపోయారు. వెనకున్న మునగచెట్టు సరిగ్గా నెత్తిలోంచి మొలిచింది. ఇరవై ఆరేళ్ళు నాలుగు గోడల మధ్య దీపాలు పెట్టుకుని తీసినవాడికి బయట వెలుగు సంగతి ఏమీ తెలియదని ఆ రెండు ఫోటోలూ చెప్పాయి. అయినా తీసుకెళ్ళి చూపించాను. మాస్టారు భూతద్దం పెట్టి చూశారు.

"ఎవరో దొంగని పట్టుకొచ్చి కూర్చోబెట్టినట్టున్నావు. ఏం తీశావయ్యా?" అన్నారు.

నాకు పౌరుషం వచ్చింది. ఆ సెప్టెంబరంతా కనకరత్నాన్ని నిలబెట్టి తీశాను. పాపం ఆవిడ పెళ్ళయినప్పటి నుంచి నాతో అన్ని ఫోటోలు ఎప్పుడూ దిగలేదు. ఒక ఆదివారం హంసలదీవి తీసుకెళ్ళాను, షికారు అని చెప్పి. మిట్టమధ్యాహ్నం తీసినవన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా వచ్చాయి, నదీ సముద్రమూ కలిసేది ఎక్కడో కూడా తెలియలేదు. సాయంత్రం పొద్దు వాలాక, ఒడ్డునున్న పడవ ముక్కు ముందు పడేలా పెట్టి తీస్తే అదే నీళ్ళు ఎంత దూరం ఉన్నాయో తెలిసింది. నిలబడి తీసిన వాటిలో సముద్రపు గీత మా ఆవిడ మెడ కోసుకుంటూ పోయింది. ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుంటే ఆ గీత నడుం దగ్గరికి దిగింది, మనిషి ఆకాశంలోకి లేచింది. ఇంత చిన్న విషయం తెలియడానికి నాకు యాభై ఏళ్ళు దాటాయి.

అసలు పాఠం మాత్రం మా ఇంటి గుమ్మంలో నేర్చుకున్నాను. ఒక ఉదయం కనకరత్నం కాఫీ గ్లాసు పట్టుకుని వస్తోంది. గదిలో ఉన్నప్పుడు ఆవిడ కళ్ళు మామూలుగా ఉన్నాయి. చూరు అంచు దగ్గరికి, ఎండ ఇంకా తగలని చోటికి వచ్చేసరికి రెండు కళ్ళలోనూ వెలుగు పడింది. ఇంకో అడుగు వేసి ఎండలోకి రాగానే కళ్ళు చిట్లించింది. వెనక్కి వెళ్ళమన్నాను. మళ్ళీ ముందుకి రమ్మన్నాను. నాలుగుసార్లు తిప్పాను.

"కాఫీ చల్లారిపోతోంది, నాకు పిచ్చెక్కుతోంది," అంది.

ఆవిడ కంట్లో పడింది ఆకాశం. మనిషి నీడలో ఉండి ఆరుబయట వైపు చూస్తుంటే చాలు, ఏ బ్లేడూ అక్కర్లేకుండా చుక్క దానంతటదే పడుతుంది. అదీ ప్రతిసారీ ఒకే చోట కాదు, మనిషి ఎటు చూస్తే అటు, వాకిలి ఎంత వెడల్పో అంత. నేను ఇన్నేళ్ళూ అందరికీ ఒకే గుండ్రటి చుక్క పెట్టాను, కుడివైపు పైన. మొహం ఒకవైపు మరీ నల్లగా ఉంటే రెండోవైపు తీగ మీద తెల్ల పంచె ఆరేస్తే సరిపోయింది. పెళ్ళిళ్ళకని కొన్న పొడుగు లెన్సు పెట్టుకుని దూరంగా కూర్చుంటే ముక్కు పెద్దది కాలేదు, పైగా ఆవిడ నన్ను మర్చిపోయి బియ్యంలో రాళ్ళు ఏరుకుంది. రెడీ అన్న మాట మానేశాక మా ఆవిడ ఫోటోల్లో మా ఆవిడలా కనిపించడం మొదలైంది.

అక్టోబరులో మళ్ళీ కోడూరు వెళ్ళాను. ఈసారి సంచీ ఇంటి బయట మోపెడ్‌కే వదిలేశాను. ముందుగదిలో ఒక చిన్న మేకు ఖాళీగా ఉంది, దాని కింద గోడ మీద లేత గంధం మరక. అమ్మగారి ఫోటో నా స్టూడియోలోనే ఉందని గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

మాస్టారు మంచం మీద చోటు చూపించారు. "ఏమయ్యా, మళ్ళీ వచ్చావు. సీత చెప్పింది, నువ్వు చేసిన ఘనకార్యం."

"తప్పు జరిగింది మాస్టారూ. ఇప్పుడు నేర్చుకున్నాను. మీరు ఉన్నచోటు నుంచి కదలక్కర్లేదు. ఇలాగే కూర్చోండి చాలు."

పెరట్లో ఎదురుగా వంటిల్లు, దాని తలుపు తెరిచి ఉంది. ఆయన అటే చూస్తున్నారు.

"యాభై ఎనిమిదేళ్ళు కాపురం చేశాం. రెండు నెలలైంది, మూడు నెలలైంది, ఆవిడ మొహం తల్చుకుంటే నువ్వు గీసినవే కనిపిస్తున్నాయి. అసలువి రావట్లేదు," అన్నారు. "ముందు ఆవిడ కళ్ళు ఆవిడకి ఇచ్చెయ్యి. అప్పుడు నా సంగతి చూద్దాం. అప్పటిదాకా నాకు చెప్పకుండా ఒక్కటి కూడా తియ్యకు."

తప్పు చేశానని తెలుసు కానీ, పోయిన మనిషిని ఆయన దగ్గర్నుంచి ఇంకోసారి తీసుకెళ్ళానని అప్పుడే తెలిసింది. మాట ఇచ్చాను. అమ్మగారు ఎలా చూసేవారో చెప్పమన్నాను.

"నేను అన్నం తక్కువ తింటే ఆ వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది. తల కొంచెం దించి, కింద నుంచి. కోపం కాదు. కోపానికి ముందు ఒకటి ఉంటుంది, అది." చేత్తో గాలిలో ఏదో చూపించబోయి మానేశారు. "సీతకి అవే కళ్ళు వచ్చాయి. కానీ అది బళ్ళో పిల్లల్ని చూసి చూసి చూపు మార్చేసుకుంది. ఎప్పుడైనా ఒకసారి వస్తుంది."

ఆ చూపు కూతురి మొహం మీద దొరుకుతుందేమోనని నేను మళ్ళీ వెళ్ళింది నవంబరు రెండో ఆదివారం. పొలాలు పండుబారాయి, తెల్లవారి మంచు ఇంకా పూర్తిగా విడలేదు. ఏడున్నరకి సూర్యుడు ఇంటికి అవతల ఉన్నాడు కాబట్టి పెరడంతా నీడే, పైన మాత్రం ఆకాశం తెరిచి ఉంది. అటు వంటింటి గుమ్మమూ ఇటు వసారా అంచూ ఎదురెదురుగా, మధ్యలో అదే వెలుగు. ఇంతకన్నా మంచి స్టూడియో నేను కట్టించలేను. కొత్త రోలు ఎక్కించి, వసారా స్తంభం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. తండ్రి మంచం మీద, కూతురు గుమ్మంలో గరిటె పట్టుకుని.

ఆవిడ నవ్వింది. నేను తీసిన అన్ని పెళ్ళిళ్ళలోనూ అందరూ నవ్వే నవ్వు అది. నవ్వకండి అంటే బిగుసుకుంది. మామూలుగా ఉండండి అంటే ఎలా ఉండాలో తెలియక కొంగు సర్దుకుంది. ఆవిడ తప్పు కాదు, ఇన్నేళ్ళూ మేమే నేర్పాం. పని చేసుకోమన్నాను. కూర తిప్పింది, పాలు దించింది, మంచి ఫోటోలే పడ్డాయి, కానీ అవి సీతామహాలక్ష్మి గారివి. ఆ చూపు రాలేదు. వేలు నొక్కుతూనే ఉంది, ముప్పై ఆరు ఫోటోల రోలులో నెంబరు ముప్పై నాలుగుకి వచ్చింది. రెండో రోలు తెచ్చుకోలేదు. నా మీద నాకే విసుగొచ్చి కెమెరా దించబోయాను.

"సీతా, ఇవాళ మందుబిళ్ళ వేసుకోను," అన్నారు మాస్టారు.

ఆవిడ పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరిగింది. "ఎందుకు వేసుకోరు నాన్నగారూ?"

"అక్కర్లేదనిపించింది."

ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేనున్నానన్న సంగతి మర్చిపోయింది. తల కొంచెం దించి, కింద నుంచి తండ్రిని చూసింది. కోపం ఇంకా రాలేదు, రాబోతోంది, దాని వెనక ఇంత భయం ఉంది. నొక్కాను.

అప్పుడు ఎందుకో మాస్టారి వైపు తిరిగాను. ఆయన కూతుర్ని చూస్తున్నారు, కానీ కూతుర్ని కాదు. మోకాళ్ళ మీది చేతులు విచ్చుకున్నాయి. గడ్డం ఎవరూ ఎత్తమనలేదు, అదే కిందకి దిగింది. పెరట్లో వెలుగంతా ఆయన కళ్ళలో ఉంది. నా జన్మలో అటువంటి మొహం కెమెరాకి ఎదురు రాలేదు. వేలు బటన్ మీదే ఉంది. కానీ మాట ఇచ్చాను. కెమెరా ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఎన్ని మిగిలాయి?" అన్నారు. చూపు గుమ్మం మీంచి తియ్యలేదు.

"ఒకటి మాస్టారూ."

"కానియ్యి. ఇటు చూడమనకు."

ముప్పై అయిదు తర్వాత, రోలు ముందుకి జరిపే మీట తిప్పితే ఒక్కోసారి మధ్యలోనే బిగుసుకుంటుంది, రోలు అంతకంటే రాదు. తిప్పాను. బరువుగా కదిలి చివరిదాకా వచ్చింది. మోచెయ్యి స్తంభానికి ఆనించి, ఈసారి నా ఊపిరి నేను బిగపట్టి, నొక్కాను. సీతామహాలక్ష్మి గారు గుమ్మం దిగి వచ్చి బిళ్ళా మంచినీళ్ళూ ఇచ్చింది. ఆయన చెయ్యి చాపి అందుకుని వేసుకున్నారు.

స్టూడియో చీకటిగదిలో కాగితం మందునీళ్ళలో వేస్తే ముందు బాగా నల్లగా ఉన్నవే తేలతాయి. మొహం ఇంకా రాకముందే కనుపాపలు వస్తాయి. ఆ కూతురి కళ్ళు అలా తేలుతుంటే ట్రే ముందు నిలబడిపోయాను. అవి పెద్దగా వేసి గోడకి అంటించుకుని, అద్దానికి గుడ్డ కప్పి, పాత నెగెటివ్ నుంచి అమ్మగారి ఫోటో కొత్తగా వేసి కళ్ళు గీశాను. కూతురి కళ్ళ కింద లేని ముడతలు తల్లికి పెట్టాలి, రెప్ప ఇంకొంచెం బరువుగా వాలాలి. మూడు కాగితాలు పాడుచేశాను. గుండ్రటి చుక్క పెట్టలేదు. వాకిలి ఎంత వెడల్పో అంత వెలుగు, పలచగా గీకాను.

తీసుకెళ్ళి మాస్టారి చేతికిచ్చాను. భూతద్దం అడగలేదు. చేతి పొడవు దూరంలో పట్టుకుని చూశారు.

"మజ్జిగ పోసుకోలేదేం అంటోందిరా సీతా," అన్నారు.

ఆ ఫోటో ముందుగదిలో పెట్టనివ్వలేదు. ఆయన అన్నం తినేచోట, ఎదురు గోడకి కొట్టించుకున్నారు. నేను రెండో కవరు తియ్యబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "నాది నాకెందుకయ్యా చూపించడం? నాకోసం తీశావా? దానికివ్వు, దాచుకుంటుంది."

కవరు సీతామహాలక్ష్మి గారికిచ్చాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి చూసుకుంది. చాలాసేపు బయటికి రాలేదు.

ఆ తర్వాత స్టూడియో బయట ఒక బోర్డు పెట్టించాను, పెద్దవాళ్ళకి వాళ్ళ ఇంటి దగ్గరే, వాళ్ళున్నట్టే ఫోటో తీస్తానని. మొదట్లో జనం నవ్వారు. రాజారత్నం ముందుగానే కొలతలు తీసుకుంటున్నాడన్నారు. కొందరు ముసలివాళ్ళు నా మోపెడ్ చప్పుడుకి తలుపులేసుకున్నారు. మెల్లిగా కొన్ని ఇళ్ళు తెరుచుకున్నాయి. వల అల్లుకుంటూ ఒకాయన, పిడకలు ఏరుకుంటూ ఒకావిడ, మనవరాలికి జడ వేస్తూ ఇంకొకావిడ. అందర్నీ చూరు అంచుకి తెచ్చుకున్నాను, ఎవర్నీ కదలకండి అనలేదు.

రెండువేల సంవత్సరం మార్చిలో ఒక ఉదయం కోడూరు నుంచి ఫోనొచ్చింది. మాస్టారు తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు, చేతులు వాటంతటవే పనిలో పడ్డాయి. కెమెరా, ఫ్లాషు, నాలుగు బ్యాటరీలు, కొత్త రోలు సంచీలో పెట్టుకుని మోపెడ్ తీశాను. దారి పొడవునా ఏమీ ఆలోచించలేదు.

వాళ్ళింటి ముందు బెంచీలు వేసి ఉన్నాయి. జనం నన్ను చూసి ఎప్పటిలాగే దారి ఇచ్చారు. సీతామహాలక్ష్మి గారు గుమ్మంలోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది. నా భుజం మీది సంచీ చూసింది. తల కొంచెం దించి, కింద నుంచి.

"కెమెరా ఎందుకండీ రాజారత్నం గారూ," అంది. "నాన్నగారి ఫోటో ఉందిగా."

ఆవిడ వెనక ముందుగదిలో, ఆ పాత మేకుకి, మాస్టారు ఉన్నారు. నన్ను చూడటం లేదు. పెరటి వెలుగంతా కళ్ళలో నింపుకుని ఆ వంటింటి గుమ్మం వైపే చూస్తున్నారు.

సంచీ తీసుకెళ్ళి మోపెడ్‌కి తగిలించి వచ్చి, బెంచీ మీద మిగతా వాళ్ళ పక్కన కూర్చున్నాను. చావింట్లో నేను పని లేకుండా కూర్చోవడం అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాసేపటికి ఏడుపొచ్చింది, ఏడ్చాను.